పన్నెండో శాలువా

జెడ్డాలో బలద్ చుట్టుపక్కల ఉండే రాయలసీమ వాళ్ళు పెట్టుకున్న సంఘానికి ఆ ఏడు ప్రెసిడెంటు ఎన్నిక, ఏడుగురు సభ్యుల ఎన్నిక ఒకే శుక్రవారం వచ్చాయి. సంఘం చేసే పని ఒక్కటే. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి పోయే ఆడవాళ్ళకు, పిల్లలకు సభ పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి పంపడం. అంతమాత్రం పనికి రెండు ప్యానెళ్ళు, మూడు మేనిఫెస్టోలు.

బాబావలి ప్రెసిడెంటుకు నిలబడ్డాడని తెలిసి అతని భార్య మదార్బీ అల్లా మేలు చేశాడనుకుంది. నెలాఖరుకు ఆమె ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, గడువు తీరిపోతుంది. కుటుంబాల మీద సర్కారు తలకింత అని వేసిన లెవీ ఆ ఏడు రెండింతలయింది. గడువు పొడిగిస్తావా, నన్ను పంపించేస్తావా అని ఎప్పుడడిగినా "ఎలక్షన్ కానీమ్మే" అనేవాడు. సంఘానికి ఒక రూలుంది. ప్రెసిడెంటు కుటుంబంతో ఉన్నవాడే కావాలి. మొగుడు గెలిస్తే తాను ఇక్కడే ఉంటుంది. ఇంతకంటే తేటైన సంగతి ఆమెకు ఇంకోటి కనపడలేదు.

అందుకని కొంగు బిగించింది. ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. అవతలి ప్యానెల్లో ఉన్న మస్తాన్ వలీని ఇంటికి పిలిపించింది. సౌదీ వాళ్ళకు ఇన్ని ఉద్యోగాలివ్వాలని, ఇవ్వని కంపెనీలకు ఎర్ర రంగు, ఇచ్చినవాటికి పచ్చ రంగు వేసే నితాఖత్ వచ్చాక జనం ఎర్ర కంపెనీల నుంచి పచ్చ కంపెనీలకు పొట్టకోసం దూకారు. మస్తాన్ వలీ ముందువరుస కుర్చీ కోసం వారంలో మూడుసార్లు దూకాడు. మూడోసారి దూకించింది మదార్బీ పెట్టిన ఉగ్గాని, బజ్జీలు.

"మనస్సాక్షి ఒప్పుకోలేదక్కా, అందుకే మీ పక్కకు వచ్చినా" అన్నాడు, ఇంకో బజ్జీ అందుకుంటూ.

"మనస్సాక్షికి కారం సరిపోయిందా అన్నా?" అంది మదార్బీ.

బాబావలి గెలిచాడు. ముందు రోజు దాకా అవతలి వాళ్ళవి అనుకున్న అయిదు సీట్లు ఇటు వచ్చాయి. అవతలి ప్యానెల్లో గెలిచిన మిగిలిన ఇద్దరూ బిర్యానీ వడ్డించేలోపే వచ్చేశారు.

మరుసటి శుక్రవారం వీడ్కోలు సభ. శాలువాలు పన్నెండు తెమ్మన్నాడు బాబావలి. పోయే కుటుంబాలు పదకొండే. ఎవరికి ఏ రంగు నప్పుతుందో తలచుకుంటూ మదార్బీ పదకొండూ ఏరింది. పన్నెండోది ఎవరికో తెలియదు గనుక, అంచు పీచులు లేచిందని అంగడివాడు సగం ధరకిస్తానన్నది తీసుకుంది.

సభకు ముందు కొత్త సభ్యులు ఒక్క టీ తాగేంత సేపు కూర్చుని లేచారు. మస్తాన్ వలీ మైకు పట్టుకుని, కుటుంబం రూలు పాతబడింది గనుక ఏకగ్రీవంగా తీసేశామని చదివాడు. ఏడుగురిలో అయిదుగురు అప్పటికే భార్యలకు టికెట్లు తీసి ఉన్నారు.

పదకొండు పేర్లు పిలిచారు. ఒక్కొక్కరే వెళ్ళి, శాలువా కప్పించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. శాలువాల తట్టలో ఒకటే మిగిలింది. తట్ట మదార్బీ ఒళ్ళో ఉంది.

"శ్రీమతి మదార్బీ" అని చదివాడు ప్రెసిడెంటు, కాగితం మీంచి కళ్ళెత్తకుండా.

ఆమె తట్టతోపాటే లేచి వెళ్ళింది. మొగుడు శాలువా భుజాన వేస్తుంటే మెల్లగానే అంది గానీ, మైకు పక్కనే ఉంది.

"ముందే చెప్పింటే మంచిది తెచ్చుకునేదాన్ని కదయ్యా."

ముందువరుసలోంచి మస్తాన్ వలీ, అంచు లోపలికి మడుచుకోమని, లేకుంటే ఫోటోలో పడుతుందని సైగ చేశాడు.

మదార్బీ పీచులు లేచిన అంచును ముందుకు లాగి, అందరికీ కనపడేలా పట్టుకుని, ఫోటోకు నిలబడింది.