తుమీరా భుజం

"నోటితో చేసేది కూడా ఒక పనేనా?" అన్నాడు వియొనొ. అతని భార్య నునిక్ అప్పుడు పొయ్యి దగ్గర సోయా టెంపే ముక్కలు వేయిస్తోంది. "చెయ్యి పట్టుకుని తిప్పాలి గానీ, రోగితో కబుర్లాడితే కీళ్లు కదుల్తాయా?" లోపల్నుంచి అత్తగారు నవ్వింది. నునిక్ మూకుడు దించి, అతని డబ్బా సర్ది, అత్తగారికి వేణ్ణీళ్లు పెట్టి స్కూటరెక్కింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఎక్కువగా అన్న మాట "అలాగే".

ఆమె పనిచేసే క్లాటెన్ ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో పెద్దాయన హార్యొదీ అదే పాట. తుమీరా అనే పెద్దావిడ భుజం బిగుసుకుపోయి నాలుగు నెలలైంది. ఏ వ్యాయామం చెప్పినా "అలాగే తల్లీ" అంటుంది, ఇంటికెళ్లి ఒక్కటీ చెయ్యదు. "మొండి ఘటం. నెలాఖరుకి కదలిక రాకపోతే పేరు కొట్టేస్తా" అన్నాడాయన. పేరు కొట్టేస్తే ఆ చెయ్యి ఇక అంతే.

ఆ "అలాగే" ఎక్కణ్నుంచి వస్తుందో నునిక్‌కి తెలియనిదా? జావా ఆడదాని నోట దానికి సగంసార్లు "నా వల్ల కాదు" అనే అర్థం. అందుకే ఆ రోజు వ్యాయామాల ఊసెత్తలేదు. అలాగే అని తప్పించుకోలేని ప్రశ్న వేసింది.

"అమ్మా, చెయ్యి బాగవగానే మొదట ఏం చేస్తారు?"

తుమీరా కిటికీ వైపు తిరిగింది. నునిక్ తొందరపడి మాట అందించకుండా ఆగింది. ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

"ఏముంది తల్లీ, ఏడుగురి బట్టలు. మనవల స్నానాలు. వంట." గొంతు తగ్గించింది. "నలభై ఏళ్లలో ఇప్పుడే నాకు కంచంలో పెట్టి ఇస్తున్నారు. చెయ్యి లేస్తే ఆ కంచం పోతుంది."

నునిక్‌కి తన ఇల్లే గుర్తొచ్చింది. ఒళ్లు కాలే జ్వరమొస్తే బాగుండునని తానెన్ని ఉదయాలు కోరుకోలేదు? జబ్బు చేస్తే తప్ప నడుం వాల్చలేని మనిషికి వ్యాయామాల కాగితమిచ్చి, త్వరగా కోలుకో, చాకిరీ ఎదురుచూస్తోందంటే ఎవరు కోలుకుంటారు? ఇది ఏ ఎక్స్‌రేలో కనబడుతుంది? నాలుగు నెలలు అందరూ భుజాన్ని తిప్పారు, మనిషిని అడిగినవాళ్లు లేరు. తను అడిగింది. అడగడం కూడా పనేనని, అది తనకి బాగా వచ్చునని నునిక్‌కి ఎంతో గర్వమనిపించింది.

"ఆ పనులు ఇంకెవరో చేస్తారనుకోండి. మీకోసం ఏం ఎత్తుతారు?"

"రోకలి!" అంది తుమీరా, ముఖమంతా విచ్చుకుని. "మా వీధి ఆడవాళ్లం వడ్లు లేని రోలు చుట్టూ చేరి దరువేసేవాళ్లం. పెద్ద దెబ్బ నాదే. ఈ వయసులో సిగ్గులేదా అన్నాడు కొడుకు. మానేశా."

"మరి ఈ వారం ఎంతెత్తు లేపుదాం? మీరే చెప్పండి."

"గుండె దాకా. పైవారం సంగతి పైవారం."

ఎంతెత్తో ఆమె చెప్పేది, ఎలాగో నునిక్ చూపేది. నెలాఖరుకి హార్యొ ఒకటికి రెండుసార్లు కొలిచి పేరు ఉంచాడు. మూడో నెలకి ఆమె వ్యాయామానికి రెండు చేతులా ఎత్తే చీపురుకర్ర తల దాటింది. తల్లిని తీసుకెళ్లడానికి వచ్చిన కొడుకు సుగెంగ్ సంబరపడిపోయాడు.

"బాగైనట్టేగా మేడమ్? రేపట్నుంచి బట్టలు ఉతకొచ్చా?"

"భుజం ఆమెది. ఆమెనే అడగండి."

"బాగైందిరా" అంది తుమీరా. "నీ బట్టల కోసం కాదు. శనివారం సాయంత్రం రోటి దగ్గరుంటా. తల్లీ, నువ్వూ రా."

శనివారం నునిక్ వెళ్లేసరికి తుమీరా దెబ్బ వీధి చివరిదాకా వినబడుతోంది. అంతలో ఫోన్ మోగింది.

"వంటేదీ?" అన్నాడు వియొనొ.

"చెయ్యలేదు. మీరు వండుకోండి."

ఫోన్ సంచీలో పడేసి, చెప్పులు విప్పి, నునిక్ ఆ ఆడవాళ్ల మధ్యకి వెళ్లి ఒక రోకలి అందుకుంది.