గొణుగుడు తగ్గింది

నార్వేలోని బెర్గెన్‌లో వాన పడని రోజు వస్తే జనం వారంపాటు దాని గురించే చెప్పుకుంటారు. ఆ వానలోనే గున్‌వోర్ ఏళ్ల తరబడి ఫెర్రీ నడిపింది. ఈసారి చలి మొదలయ్యేసరికి ఆమెకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, పనిలోకి వెళ్లలేకపోయింది. ఒక సాయంత్రం రేవు అంచున నిలబడి నీళ్లకేసి చూస్తూండిపోయింది. అప్పట్నుంచి భర్త ఎయిలిఫ్ ఆమెను ఒంటరిగా వదల్లేదు.

డాక్టర్ రగ్నా మాత్రలు రాసింది.

"మెదడులో ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే రసాయనం ఒకటుంటుంది. పంపిన నరమే దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. ఈ మందు అలా లాక్కోనివ్వదు. కానీ అక్కడ కాపలా గ్రాహకాలు కొన్నున్నాయి. కబుర్లు ఎక్కువైతే 'చాలు, ఇక పంపొద్దు' అంటాయి. అవి అని అని అలిసిపోతేగానీ మందు గుణం కనిపించదు. కొన్ని వారాలు ఓపిక పట్టు."

మూడో వారానికే గున్‌వోర్ ఓపిక అయిపోయింది.

"ఇవి మింగినా ఒకటే, సున్నం ముక్కలు మింగినా ఒకటే. రేపట్నుంచి వేసుకోను."

ఎయిలిఫ్ వెళ్లి తన పిన్ని ఓస్లౌగ్‌ను పిలుచుకొచ్చాడు. ఆవిడ పియానోలు శ్రుతి చేస్తుంది. మనుషుల తలల్లో జరిగేది కూడా ఆవిడకు వినిపిస్తుంది. వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు ఆవిడకు తల వినిపించాకే డాక్టరు దగ్గరికి వెళ్తారు.

ఓస్లౌగ్ తడి కోటు విప్పి, కాఫీ పెట్టమని చెప్పి, గున్‌వోర్ కణతకు చెవి ఆనించింది.

"ఖాళీయేగా అత్తయ్యా?" అంది గున్‌వోర్.

"ఖాళీయా? చేపల సంతలా ఉంటేనూ! 'చాలు చాలు' అని ఒకటే గొణుగుడు. కానీ గొంతులు బొంగురుపోయాయే. ఎడమ పక్కన కొన్ని నోరు మూసేశాయి కూడా."

"నాకేం తెలియట్లేదే."

"నీకింకా తెలియదు. నాకు వినిపిస్తోందిగా."

ఎయిలిఫ్ డాక్టరుకు ఫోన్ చేసి ఈ మాట చెప్పాడు. "ఎడమ పక్కా? మంచిది. మందు ఆపొద్దని చెప్పు," అంది రగ్నా.

"నా మీద నాకు నమ్మకం లేదు. మీ చెవి మీద ఉంది అత్తయ్యా," అంది గున్‌వోర్. మర్నాడు మాత్ర వేసుకుంది. ఆ తర్వాతి రోజూ వేసుకుంది.

క్రిస్మస్ దాటాక ఒక మధ్యాహ్నం ఎయిలిఫ్ చేపల పులుసు వడ్డించాడు. గున్‌వోర్ ఒక చెంచా తాగి మొహం చిట్లించింది.

"ఇందులో ఉప్పు ఎవరు వేస్తారు, మీ పిన్నా?"

ఇన్నాళ్లూ ఏం పెట్టినా రుచీపచీ అడక్కుండా మింగిన మనిషి. ఎయిలిఫ్ ఉప్పు తెస్తానని లేచి, వంటింటి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"ఏమయ్యా, అక్కడ ఉప్పు పండిస్తున్నావా?" అని కేకేసింది గున్‌వోర్.