రేపటికి ఉంచిన ముడి

బాగున్న నూలును పనిగట్టుకుని చిక్కు చేస్తున్నాడు సంజీవయ్య. అరుగు మీద కూర్చుని, చిలపలోంచి గుప్పెడు దారం లాగి, రెండు అరచేతుల మధ్య నలిపి, అక్కడక్కడా మెలిపెట్టి, విదిలించి చూసుకున్నాడు. మరీ బిగిస్తే పిల్లకు విసుగొస్తుంది. మరీ వదులుగా ఉంటే నోరు తెరవకముందే చిక్కు విడిపోతుంది. కూరలో ఉప్పుకున్నట్టు దీనికీ ఒక పాళం ఉంది.

"మగ్గం నేసేటోళ్లు చూస్తే నీ చేతులు ఇరగ్గొడతారు" అంది భార్య కమలాక్షమ్మ, జొన్నరొట్టె పళ్లెం పక్కన పెడుతూ.

రొట్టె తుంచి మళ్లీ పళ్లెంలోనే పెట్టేశాడు. "ఎదలో బరువుగా ఉండాది. వాయువేమో. మధ్యాన్నం తింటాలే."

"నంద్యాలకు పోయి డాక్టరుకు చూపించుకోమంటి గదా."

"పోతా. ఈ పొద్దు మాత్రం కుదరదు. ఓబులేసు వస్తాండాడు."

ఓబులేసు రావడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు. అతను బేతంచెర్లలో నాపరాళ్లు తీసే కూలి. వానాకాలంలో పెళ్లాం జ్వరంతో పోయింది. ఒక్కతే కూతురు జీవమ్మ. దాన్ని ఆళ్లగడ్డలో పెద్దమ్మ లింగమ్మ ఇంట్లో ఉంచి సంజీవయ్య పనిచేసే బళ్లో ఎనిమిదో తరగతిలో చేర్పించాడు. చేరిన రోజు నుంచి ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట రాలేదు. రాయమంటే రాస్తుంది, లెమ్మంటే లేస్తుంది. పలకమంటే మాత్రం తల వంచుకుంటుంది. లెక్కల మాస్టరు బెత్తం చూపించాడు, తెలుగు పంతులు బుజ్జగించాడు, ఇంటి దగ్గర లింగమ్మ దిష్టి తీసింది. ఎవరేం చేసినా గోడకు చెప్పుకున్నట్టే అయింది. మూగదానికి చదువెందుకు, నాతోపాటు రాళ్ల కాడికి వస్తుందిలే అన్నాడు తండ్రి. ఈ రోజు మధ్యాహ్నం బస్సుకు వచ్చి తీసుకుపోతానని కబురు పంపాడు.

చంకలో గొడుగు, గుడ్డసంచిలో నూలు పెట్టుకుని సంజీవయ్య బడికి బయల్దేరాడు. అంగడివీధి సగం నడిచేసరికి ఆయాసం వచ్చి, బట్టలకొట్టు మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. శనగ కోతల రోజులు. బండ్లు వరసగా పోతున్నాయి. ఆ బండ్ల మీద కూర్చున్న ఆడపిల్లల్లో నిరుడు తన దగ్గర చదివిన మొహాలు కనబడితే తల తిప్పుకున్నాడు.

నిజానికి ఆయన నేత నేర్పే మాస్టరు. బళ్లో పాఠాల మాస్టర్లకు ఒక మర్యాద, మగ్గం మాస్టరుకు ఒక మర్యాద. వయసులో ఉన్నప్పుడు అందరిలాగే ఆయనా పిల్ల దారం తెంపితే నెత్తిన మొట్టేవాడు. రెండేళ్ల కిందట వేసవిలో, పిల్లలకు మంచీచెడూ చెప్పడం నేర్పే తరగతులు నంద్యాలలో పెడితే, సెలవులు పోగొట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోక ఈయన్ని పంపారు. మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మొదటి రోజే, పిల్లల మాట వినడం కూడా నేర్చుకోవాల్సిన పనే అన్నాడు. సంజీవయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లలో తాను ఒక్క పిల్ల మాటైనా వినలేదని తోచింది. మరుసటి వేసవిలో ఎవరూ పంపకపోయినా సొంత ఖర్చుతో మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. తోటి మాస్టర్లు నవ్వారు. ఊరడింపుల అయ్యవారని పేరు పెట్టారు. ఆయన కూడా నవ్వేవాడు.

చేతికి పని ఉండి, ఎదుట చూసే కళ్లు లేకపోతే పిల్లలు మాట్లాడతారని మాత్రం ఆయనే కనిపెట్టాడు. అందుకే మగ్గాల గదిలో పిల్లకు చిక్కునూలు ఇచ్చి, తాను గోడవైపు తిరిగి కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. మధ్యలో మాట్లాడడు, వెనక్కి తిరగడు. గంట కొట్టే వేళకు, "ఒక ముడి రేపటికి ఉండనీ" అంటాడు. ముడి మిగిల్చిన పిల్ల మర్నాడు తప్పకుండా వస్తుందని ఆయన నమ్మకం.

బళ్లో అడుగు పెట్టగానే హెడ్మాస్టరు ఎదురొచ్చాడు. మంచివాడే, కానీ అలిసిపోయాడు. "ఇంక నావల్ల కాదు సంజీవయ్యా. ఆ తండ్రి అడిగితే పంపించేస్తాను."

"బస్సు వచ్చేదాకా టైముండాది గదా సార్."

జీవమ్మ వచ్చి ఎప్పటిలాగే మగ్గాల గది గడప దగ్గర నిలబడింది. బక్క పిల్ల, పెద్ద కళ్లు, మోచేతుల దాకా పొట్టు లేచిన చర్మం. తండ్రి వస్తున్నాడని తెలుసు కాబోలు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. సంజీవయ్య నూలు చేతికిచ్చాడు. తాను గోడవైపు తిరిగి కూర్చున్నాడు. బయట వసారాలో బంట్రోతు మహబూబు ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

చాలాసేపటికి వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. తుప్పు పట్టిన గిలకలా కీచుగా ఉంది.

"ఈ ముడి రావడంల్యా సార్."

సంజీవయ్య సంతోషంతో వెనక్కి తిరగబోయి, ఆగాడు. తిరిగితే మాట ఆగిపోతుంది. అప్పుడే ఎదలో నొప్పి మొదలైంది. పొద్దుటి బరువులాంటిది కాదు ఇది. ఎడమ భుజం దాకా పాకింది. ఒళ్లంతా చెమట పట్టింది.

"ఆ పొద్దు అమ్మ నన్ను తిట్టింది సార్. పావడ చింపుకున్నానని. రోసమొచ్చి బయట బండ మీద కూసుంటి."

సంజీవయ్యకు దాహమేసింది. మహబూబూ అని ఒక్క కేక వేస్తే చాలు, పరిగెత్తుకొస్తాడు, నీళ్లు తెస్తాడు. కానీ కేక వేస్తే ఈ పిల్ల మళ్లీ ఎప్పుడు నోరు తెరుస్తుంది? బస్సు కోయిలకుంట్ల దాటే ఉంటుంది. ముందు దీని మాట కానీ అనుకున్నాడు సంజీవయ్య. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"జీవీ, నీళ్లు తేమ్మే అని లోపల్నుంచి పిలిచింది. నేను పలకలా. ఇంగోసారి పిలిచింది. అప్పుడూ పలకలా." దారం లాగుతున్న వేళ్లు ఆగాయి. "మూడోసారి పిలవలా సార్."

ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద మెల్లగా వదులయ్యాయి.

జీవమ్మ చెబుతూనే ఉంది. అమ్మకే పలకనిదాన్ని, ఇంకెవరికి పలికేదని గమ్మునున్నానంది. రాత్రిళ్లు ఆ పిలుపు వినబడుతుందంది. ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ చెప్పింది. చిక్కు విడిపోతూ వచ్చింది. నూలును ఉండగా చుట్టి, చివరి ముడి దగ్గర ఆగింది.

"ఒగటి రేపటికి ఉంచినా సార్."

ఆయన ఎప్పుడూ వెంటనే మాట్లాడడు కదా అని కాసేపు చూసింది. మెడ వెనక చెమట కనిపించింది.

"నీళ్లు తెచ్చేదా సార్?"

అడిగి ఊరుకోలేదు. మూలనున్న కుండలోంచి లోటాతో ముంచుకుని, ఆయన ముందుకు వెళ్లి నిలబడింది.

వసారాలో మహబూబు చీపురు ఆపాడు. బళ్లో ఎప్పుడూ వినని గొంతు అది. "నీళ్లు తెచ్చినా సార్, పలుకు సార్" అని పదే పదే అరుస్తోంది. అతను వెళ్లేసరికి సంజీవయ్య తల ఒక పక్కకు వాలి ఉంది. లోటాలో నీళ్లు పిల్ల కాళ్ల మీద ఒలికిపోతున్నాయి.

బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చిన ఓబులేసు ఆ గొంతు విని అక్కడే ఆగిపోయాడు. అచ్చం పెళ్లాం గొంతే. లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది అతనికి.

"నాయనా, నేను రాను" అంది కూతురు. "ఈడనే సదువుకుంటా."

అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "ఉండు తల్లీ" అన్నాడు.

సాయంత్రం శవాన్ని తీసుకుపోయేటప్పుడు ఆ పిల్ల మహబూబు చొక్కా పట్టుకుంది. "సారు విన్న్యాడా?"

"విన్న్యాడమ్మా" అన్నాడు మహబూబు. అతనికి తెలిసి అనలేదు. తెలియకపోయినా అన్నది నిజమే.

మూడోరోజు కర్మ ముగిశాక కమలాక్షమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మగ్గాల గదికి వచ్చింది. గొడుగు తీసుకుంది. కుర్చీ వీపున వేలాడుతున్న పైపంచె తీసి మడిచింది. నూలుండను కూడా సంచిలో వేయబోతే బొటనవేలికి ముడి తగిలింది. అలవాటు కొద్దీ గోటితో విప్పబోయి, గడప దగ్గర నిలబడ్డ జీవమ్మను చూసి ఆగింది. ఉండను తిరిగి బల్ల మీద, ఆయన కుర్చీ పక్కన పెట్టింది. తెల్లటి నూలు, చిక్కంతా తీసి నున్నగా చుట్టినది, కొసన మాత్రం విప్పని ముడి ఒకటి.