ఓటీపీ పడవలో ఉంది

రోజారమణి రొయ్యల షెడ్డు నుంచి తడి చీరతోనే పరుగెత్తుకొచ్చింది. తెల్లవారుజాము నుంచి ఐసు నీళ్ళలో రొయ్యల తలలు గిల్లి గిల్లి వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. మేస్త్రీ సగం పూటకే వదిలాడంటే ఆమె మీద జాలితో కాదు. గ్రంథాలయం గదిలో పరీక్ష ఉంది, ఆడవాళ్ళను పంపమని పల్లెను ఏలే పెద్దకాపు నరసయ్య కబురు చేశాడు. పెద్దకాపు కబురు చేస్తే షెడ్డయినా ఆగాల్సిందే.

గ్రంథాలయమంటే పెద్దదేం కాదు. తుఫాను షెల్టరు పక్కన ఒక గది, రెండు బీరువాలు, బల్లలు, గాలి కంటే చప్పుడెక్కువ చేసే ఫ్యాను. కానీ వాకాడు దగ్గరి ఆ పల్లె మొత్తంలో ఆడది ఎవరినీ అడగకుండా కాసేపు కూర్చోగలిగిన చోటు అదొక్కటే. రోజారమణి ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. పాసయితే అంగన్‌వాడీ పోస్టుకు పెట్టుకోవచ్చు, ఈ ఐసు నీళ్ళు తప్పుతాయి. ఆమె చదువుకునే పుస్తకాలన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి.

ఇప్పుడా గదిని మూసేస్తారట. పుస్తకాలన్నీ వెబ్‌సైటులోకి ఎక్కాయి, ఇక గదెందుకు దండగ అన్నారు పైవాళ్ళు. జనానికి వెబ్‌సైటు వాడటం వచ్చని తేలితే చాలు, తాళమే. ఖాళీ అయిన గదిని రొయ్యల మేత వ్యాపారి గోడౌనుకు తీసుకుంటాడు. బదులుగా వలలు బాగుచేసుకోవడానికి గట్టు మీద రేకుల షెడ్డు వేయిస్తానన్నాడు. షెడ్డు అక్కర్లేదని ఎవరంటారు? ఎండలో కూర్చుని వలలు అల్లే మగవాళ్ళ వీపులు పొక్కిపోతున్నాయి. అయితే దానికి బదులు ఆడవాళ్ళు కూర్చునే గదే ఎందుకు పోవాలో ఎవరూ అడగలేదు. అడగడానికి లేదు కూడా. నిన్న సాయంత్రం కాపులంతా, అంటే పల్లె పెద్దలు, కూర్చుని దురాయి వేశారు. ఫోన్లో పుస్తకాలు బాగున్నాయనే అందరూ చెప్పాలి. దురాయి అంటే ఆ పల్లెల్లో కట్టుబాటు. దాటిన ఇంటితో ఎవరూ మాట్లాడరు, ఆ ఇంటి చేప కొనరు, ఆ ఇంటి మగవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు.

పరీక్ష పెట్టడానికి నెల్లూరు నుంచి వచ్చిన పెంచలప్రసాద్ మంచి కుర్రాడే. వెబ్‌సైటు తయారుచేసిన కంపెనీలో ఉద్యోగం. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా అదే చెబుతున్నాడు.

"అక్కా, ఇది మీకు పరీక్ష కాదు. వెబ్‌సైటుకు పరీక్ష. ఎక్కడన్నా ఆగిపోతే తప్పు మీది కాదు, దానిది. మనసులో ఏమనుకుంటే అది పైకి చెప్తా ఉండండి. ఫోన్లో రికార్డవుతాది, అంతే."

తప్పు మీది కాదు! రోజారమణి ఆ మాట పుట్టి బుద్ధెరిగి వినలేదు. రొయ్య విరిగితే తప్పు ఆమెది, కూరలో ఉప్పెక్కువయితే ఆమెది, పిల్లలు కలగకపోయినా ఆమెదే. ఆ కుర్రాడి ముఖంలోకి ఇంకోసారి చూసింది, నిజంగానే అన్నాడా అని.

మనసులోది పైకి చెప్పాలట, అదీ పెద్దకాపు ముందు! గుమ్మంలోనే నరసయ్య కుర్చీలో కూర్చున్నాడు. పాపం, పెద్దాయన ఎండలో నిలబడ్డాడని ఆ కుర్చీ వేసింది పెంచలప్రసాదే. కాపు ఎదుట ఆడవాళ్ళు నోరు విప్పే అలవాటు ఆ పల్లెలో లేదని అతనికెలా తెలుస్తుంది?

ముందు కామమ్మ వంతు. షెడ్డులో రోజారమణి పక్కనే నిలబడి రొయ్యలు ఒలిచే మనిషి. ఫోను నంబరడిగితే కొడుకు ముఖేష్ నంబరు చెప్పింది. ఆ నంబరుకు ఓటీపీ పంపామని, దాన్ని కింద వెయ్యమని తెర మీద వచ్చింది. నంబరున్న ఫోను ముఖేష్ దగ్గరుంది, ముఖేష్ సముద్రం మీదున్నాడు. కామమ్మ ఆ ఖాళీ గళ్ళను కాసేపు చూసి ఫోను బల్ల మీద పెట్టేసింది.

"బాగుండాది సామీ."

"పుస్తకం కనపడిందా అమ్మా?"

"కనపడినట్టే సామీ."

నరసయ్య నవ్వాడు. "ఆడోళ్ళ కాడ ఫోన్లేడుంటాయి నాయనా! నీ నంబరేసి తెరిచియ్యి. చూసి చెప్తారు."

పెంచలప్రసాద్ తటపటాయించాడు. సాయంత్రానికి రిపోర్టు కావాలని పైనుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. చివరికి తన నంబరే వేశాడు. ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్ళంతా తెర పైకీ కిందికీ జరిపి, బాగుందని చెప్పి, పోయి గోడవారన కూర్చున్నారు.

రోజారమణి వంతొచ్చింది. తెర మీద పుస్తకాల అట్టలు రంగురంగులుగా ఉన్నాయి. ఆమెకు కావాల్సిన సాంఘిక శాస్త్రం కూడా ఉంది. బాగుందని ఒక్క మాటంటే చాలు, అబద్ధం కూడా కాదు. నోటిదాకా వచ్చింది కూడా.

"మీ నంబరు తీసెయ్యండి సార్. మా ఇంటిది కొడతా."

ఇంటిదంటే మొగుడు చిన్నబాబుదే. ఇంటికి ఒక్కటే ఫోను. ఆ ఫోనుతోనే అతనూ ముఖేష్ ఎక్కిన పడవలో వెళ్ళాడు. తడి వేళ్ళను తెర పట్టించుకోలేదు. చీరకు తుడుచుకుని మళ్ళీ కొట్టింది. ఖాళీ గళ్ళు వచ్చాయి.

"రాలా సార్," అంది రోజారమణి. "మనసులోది చెప్పమన్నారు గదా, చెప్తుండా. రాలా."

"పర్లేదక్కా, నా నంబరుతో..."

"రేపు మీరుంటారా సార్ ఈడ? మీ నంబరు మాకిచ్చి పోతారా?"

నరసయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏందిమే, దురాయి మర్చినావా? నీ మొగుడు పడవెక్కి బతికేవోడు, గుర్తుపెట్టుకో!"

"ఆయన పడవ మీదుండాడనే చెప్తుండా మామా. ఆయన ఇంట్లో ఉంటేనే నాకు పుస్తకం. ఈ గదిలో ఆయన నంబరు ఎవురూ అడగలా నన్ను."

"నాయనా, ఆ మాట తీసెయ్యి," అన్నాడు నరసయ్య. పెంచలప్రసాద్ రికార్డవుతున్న తన ఫోను వంక చూశాడు. తీయలేదు. ఉంచుతానని కూడా అనలేదు.

తన వంతయ్యాక కూడా బల్ల మీదే రోజారమణికి ఆనుకుని కూర్చున్న కామమ్మ మెల్లిగా లేచింది. ఆమె ముఖం వైపు చూడకుండా వెళ్ళి అవతలి బల్ల మీద కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. రోజారమణి లేచి పోదామా అనుకుంది, లేవలేదు.

తెర మీద ఓటీపీ గడువు అయిపోయిందని వచ్చింది. రోజారమణి వేలు మళ్ళీ చీరకు తుడుచుకుని, 'మళ్ళీ పంపు' అన్నచోట గట్టిగా నొక్కింది.