టీచరమ్మ చేతులు

మరిది ఒక్కడు "వదినా" అని పిలవడం మొదలుపెడితే, స్టూడియోలో అందరూ ఆమెకు మరుదులైపోయారు, ఓనరుతో సహా. కోపంలో ఉన్నప్పుడు ఆ పిలుపు ఆమెకు గిట్టదు. ఆ సోమవారం పొద్దుటి నుంచీ గిట్టడం లేదు.

చెవిటి పిల్లల బడిలో నలభై ఏళ్లు సైగలతో పాఠాలు చెప్పిన టీచరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ కూడా పుట్టు చెవిటిదే. వదిన ఏడాదిపాటు ఆవిడ ముందు కెమెరా పెట్టి నలభై పాఠాలు తీసింది, తీస్తూ తీస్తూ తనూ ఆ సైగలు నేర్చుకుంది. వేలు కాస్త వంగితే మాటే మారిపోతుంది కనుక బొమ్మను ఎక్కడా కుదించలేదు. ఒక్కో పాఠం రెండు గంటలు, ఒక్కో ఫైలు కొండంత. ఆఖరి పాఠం తీసిన నెలకే టీచరమ్మ చేతులకు వణుకు జబ్బు పట్టుకుంది. ఇప్పుడు గ్లాసు కూడా నిలకడగా పట్టుకోలేదు. రెండో కాపీ తీసి పెట్టమని వదిన ఓనరును మూడుసార్లు అడిగింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

స్టూడియోలో డిస్కులు చూసుకునే పని మరిదిది. చోటు చాలడం లేదని ఓనరు ప్రాణం తీస్తుంటే, శుక్రవారం కొత్త స్టోరేజీలో ఒక సదుపాయం ఆన్ చేశాడు. ఫైళ్లలో ఒకేలా ఉన్న ముక్కల్ని వెతికి, వాటిని ఒక్కసారే దాచి, చోటు మిగులుస్తుందట. దాని కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది, ఇది ఇంకా ప్రయోగదశలో ఉందని, ముఖ్యమైనవి ఇందులో పెట్టవద్దని.

"ఆ మాట అన్నిటికీ రాస్తారు వదినా," అన్నాడు మరిది. "మందు సీసా మీద పిల్లలకు అందకుండా ఉంచండి అని రాయరూ?"

"రాస్తారు. రాసినందుకే అటక మీద పెడతాం. నువ్వు పరీక్ష చేశావా?"

"బ్రహ్మాండంగా చేశాను. ఉత్తరాలు, ఫొటోలు, బిల్లులు. ఒక్కటీ చెడలేదు."

"నేనడిగేది చీమల గురించి కాదు, ఏనుగుల గురించి. పెద్ద ఫైళ్లు పెట్టి చూశావా?"

మరిది మెడ వెనక గోక్కున్నాడు. "టీచరమ్మ పాఠాలు మొదటి మూడూ పొద్దున్నే అందులోకి మార్చాను. ఆడించి చూశాను కూడా. బాగున్నాయి. పాతవి తీసేశాను."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎంతసేపు ఆడించావు?"

"ఒక్కోటీ ఒక నిమిషం."

వదిన కుర్చీ లాక్కుని మొదటి పాఠం తెరిచింది. పేరు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది, సైజు ఆఖరి అంకెదాకా సరిగ్గా ఉంది. టీచరమ్మ నవ్వుతూ చేతులు పైకెత్తింది. వదిన బొమ్మను ముందుకు జరిపింది. గంటా పదో నిమిషం దగ్గర ఆ చేతులు ముక్కచెక్కలై, బూడిదరంగు గళ్లయిపోయాయి. అక్కణ్ణుంచి చివరిదాకా గళ్లే. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పైన పటారం, లోన లొటారం.

గొడవ విని ఓనరు వచ్చాడు. అంతా విని, "అయ్యో వదినమ్మా," అని నొచ్చుకుని, మరిది వైపు తిరిగి, "ఇంతకీ చోటెంత మిగిలింది?" అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

"మిగతా ముప్ఫై ఏడూ నేను తీసుకుపోతున్నాను," అంది వదిన. అడగలేదు, చెప్పింది. పాత డిస్కు తెరిస్తే పాఠాల పక్కనే ఒక ఫోల్డరు కనిపించింది. దాని పేరు "ముట్టుకోవద్దు". లోపల మరిది కూతురి వీడియోలు, పాకడం, తొలి అడుగులు, బడికి వెళ్లనని ఏడవడం.

"ఇవి కొత్తదాంట్లోకి ఎందుకు మార్చలేదు?"

మరిది మౌసు అందుకుని ఆ ఫోల్డరు మూసేయబోయాడు.

"భయం నీకూ ఉందన్నమాట! నీ పిల్ల అడుగులకేమో పాత డిస్కు, ఆవిడ చేతులకేమో ప్రయోగమా? ఆవిడ ఎవరికీ ఏమీ కాదనా? పద, నీ నోటితో నువ్వే చెబుదువుగాని."

టీచరమ్మ ఇంటికి వెళ్లాక, నోటితో చెప్పే వీలు లేదు కనుక మరిది కాగితం మీద రాసి ఇచ్చాడు. టీచరమ్మ రెండుసార్లు చదివింది. కోప్పడలేదు. లేచి, జుట్టు సవరించుకుని, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, వదిన భుజానున్న కెమెరా పెట్టమన్నట్టు గడ్డంతో చూపింది. మొదటి పాఠం మళ్లీ మొదలుపెట్టింది.

చేతులు ఆవిడ మాట వినలేదు. ఎడమచేత్తో కుడిచేతిని అదిమి పట్టుకుంది, రెండూ కలిసి వణికాయి.

"ఏమంటున్నారు వదినా?" అన్నాడు మరిది గొంతు తగ్గించి.

ఏడాదిపాటు ఆ చేతులనే చూసిన వదినకు ఒక్క మాటా తెలియలేదు. ఇంతలో టీచరమ్మ ఆగి, కనుబొమలు ఎగరేసి ఆమెనే అడిగింది, అర్థమైందా అని.

అర్థమైందని వదిన తల ఊపింది. ఆ అబద్ధం తనచేత ఆడించినందుకు మరిదిని ఆమె ఎన్నటికీ క్షమించలేదు.