గుట్ట లేని చోట

ఏటా వానలు వెలిశాక మానస మల్లాపూర్ దగ్గరి గుట్టెక్కి, జత కోసం ఎత్తైన చోటు వెతుక్కుంటూ శిఖరం మీద చేరే సీతాకోకచిలుకలను లెక్కపెట్టి వచ్చేది. ఈసారి వెళ్లేసరికి గ్రానైట్ కోసం ఆ శిఖరాన్ని కోసేశారు. మిగిలిన బండ మీద నిలబడి తలెత్తి చూస్తే, ఒకప్పుడు శిఖరం ఉన్న ఎత్తులో, వట్టి గాలిలో, సీతాకోకచిలుకలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

క్వారీ కాపలాదారు మైసయ్య భయంతో పైకి చూడనే లేదు. "రోజు గిట్లనే అస్తయి బిడ్డా. గుట్ట ఇంక ఉన్నదనుకుంటున్నయేమో. సూస్తే నాకు బుగులైతది," అన్నాడు.

మానస లెక్క మొదలుపెట్టింది. ఇంతలో ఒకటి కిందికి దిగి ఆమె తల మీద వాలింది. దాని వెనకే మరికొన్ని భుజాల మీద వాలాయి.

"వద్దు బిడ్డా, కిందికి దిగు!" అని మైసయ్య కేకేశాడు.

కదిలితే వాటికి ఆ కాస్త ఎత్తు కూడా మిగలదనిపించి మానస దిగలేదు. చీకటి పడేదాకా అక్కడే నిలబడింది.