పెంటవ్వ కొలతలు

జమునాబాయి పోయి నెల దాటింది. బాన్సువాడలో ఆమె కుట్టుమిషను ముందు ఇప్పుడు కృప కూర్చుంటోంది. ఎనిమిదేళ్లు ఆమె పక్కనే ఉండి పని నేర్చుకున్న మనిషికి, కుర్చీ మీది దిండు తీయడానికి మాత్రం చేతులు రాలేదు. పొట్టి జమునాబాయికి సరిపోయిన ఎత్తు అది. పొడుగు కృప మోకాళ్లు బల్లకు కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ పొద్దున బీర్కూర్ బస్సు దిగి, జమునాబాయి పాత గిరాకీ పెంటవ్వ వచ్చింది. వారం కింద కృప కుట్టిచ్చిన రైకను బల్ల మీద పడేసింది.

"ఏంది పిల్లా గిది? తొడుక్కుంటే అన్నం మింగుడు పడ్తలేదు."

"కొలిచే కుట్టిన గదా అవ్వా."

"జమున కుడితే గిట్లెప్పుడన్న అయిందా? ఇంకోపారి కొలువు. గిప్పుడు గూడ సక్కగ రాకుంటే మనుమరాలి పెండ్లి జాకెట్లన్నీ బజార్ల ఇంకో దుకాన్లకు పోతయి."

అవి పోతే వాటితో ఆగదు. బీర్కూర్ ఆడవాళ్లంతా పెంటవ్వ చూపించిన చోటికే పోతారు. కృప టేపు తీసింది. అది తగిలీ తగలకముందే పెంటవ్వ కడుపు వెళ్లి వీపుకు అంటుకుంది. మొన్నటి తప్పేమిటో కృపకు అప్పుడు తెలిసింది.

జమునాబాయి ఎప్పుడూ చెప్పేది: "టేపు చూస్తే ఆడోళ్లు ఊపిరి బిగబడ్తరే. ముందు కోడలి ముచ్చట అడుగు. తిట్టుకుంట ఊపిరి ఆపుడు ఎవ్వరితోని కాదు." కృప ఎనిమిదేళ్లూ ఆ మాటకు నవ్విందే తప్ప నేర్చుకోలేదు.

"కోడలు మంచిగున్నదా అవ్వా?"

"బంగారం. నీకెందుకు?" అంది పెంటవ్వ, కడుపు కదలకుండా.

ఈ నెలలోనే అత్తాకోడళ్లకు పొత్తు కుదరాలా అనుకుంది కృప. ఇంకేం అడగాలో తోచలేదు. "జమునక్క ఉంటేనా..." అంటూ టేపు సర్దుకుంది.

"ఉంటే ఏం జేస్తుండె? ఓపారి నా రైకకు రెండూ ఎడమచేతులే కుట్టింది. ఏందే అంటే, 'కోడలొచ్చింది గదా, ఇగ నీకు కుడిచేతితోని పనేముంది' అన్నది. నేను తిట్టుకుంట చాయ్ తాగిన, అది నవ్వుకుంట కుట్లు విప్పింది."

చెబుతూ చెబుతూ పెంటవ్వ నవ్వింది. కడుపు ఊగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కృప గబుక్కున ఆమె చుట్టూ టేపు తిప్పి చూసింది. మొన్నటి కంటే మూడంగుళాలు ఎక్కువ.

"ఎంతొచ్చింది?" కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అడిగింది పెంటవ్వ.

"మొన్నటంతే అవ్వా."

పెంటవ్వ ఆమెను కాసేపు ఎగాదిగా చూసింది.

"జమున గూడ నాకు గిట్లనే అబద్ధం చెప్తుండె," అంటూ సంచీ అందుకుంది. "పెండ్లి బట్టలు ఎల్లుండి తెస్త. నా కోడలు గూడ వస్తది కొలతలకు."

గడప దాటి మళ్లీ వెనక్కి తిరిగింది.

"దాన్ని నా ముచ్చట అడుగు."